కొయ్య చేపకు రంగేసిన పల్లెటూరి చేతులు

ఇవాళ కొంచెం పెద్ద పోస్టే. నాట్లు అయిపోయి, నీళ్ల వంతు కోసం గట్టు మీద కూర్చున్నవాళ్లు తీరిగ్గా చదువుకోండి.

మన చెరువుల దగ్గర గాలం వేసే కుర్రాళ్లు ఈ మధ్య వానపాములు తవ్వడం మానేశారు, గమనించారా? ఫోన్లో ఆర్డరు పెట్టి రంగురంగుల ప్లాస్టిక్ కప్పలు, బొమ్మ చేపలు తెప్పించుకుంటున్నారు. వాటిని లూర్లు అంటారు. బతికున్న ఎర కాదు, ఎరలా కనిపించి చేపను రెచ్చగొట్టే బొమ్మ. కొర్రమీను దాన్ని చూసి కప్పే అనుకుని మీదపడుతుంది. గట్టు మీద కూర్చున్న పెద్దాళ్లు "చేప సంగతేమో గానీ, ఆ రంగులు చూసి ముందు నువ్వు పడ్డావురా" అని నవ్వుతారు. ఆ మాటలో నిజం ఎంతుందో కిందకి వెళ్లాక చూద్దాం. ముందు ఈ బొమ్మల పుట్టుక చెప్పుకోవాలి. ఎందుకంటే వీటిని పుట్టించింది ఏ పట్నం ఇంజినీరో అని మనం అనుకుంటాం గానీ, ఒకాయన తేనెటీగలు పెంచుకునేవాడు, ఇంకొకాయన వేసవిలో వ్యవసాయ కూలి, చలికాలంలో అడవిలో చెట్లు కొట్టే కూలి. వీళ్లకు వచ్చిన చిక్కు కూడా మనకు తెలిసిన చిక్కే: చెక్క, నీళ్లు, రంగు. ఈ మూడింటికీ పొత్తు కుదరదు.

దొంగ ఎర మాత్రం చాలా పాతది. దాదాపు 1,800 ఏళ్ల కిందట ఈలియన్ అనే రోమన్ రచయిత మాసిడోనియా దేశపు జాలర్ల గురించి రాశాడు. గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, దానికి రెండు కోడి ఈకలు కట్టి, ఈగలా చేసి నీటి మీద ఆడించేవారట. ఆ తర్వాత అమెరికాలో జూలియో బ్యూయెల్ అనే ఆయన గరిటె ఆకారంలో మెరిసే లోహపు రేకుకు గాలం తగిలించి 1852లో పేటెంట్ తీసుకున్నాడు. అదే దేశంలో ఏక్రన్ అనే ఊరి ఫ్లూగర్ 1883లో చీకట్లో వెలిగే రంగు పూసిన ఎరలకు పేటెంట్ పొందాడు. అంటే ఎరకు రంగు వెయ్యడం అప్పటికే ఒక వ్యాపారం. కానీ చెక్కతో చేప బొమ్మ చేసి, దానికి ఒళ్లంతా రంగేసి నీళ్లలోకి విసరడం వేరే కథ.

ఆ కథలో మొదటి పేరు జేమ్స్ హెడ్డన్. మిషిగన్ రాష్ట్రంలో డోవాజియాక్ అనే చిన్న ఊరు. ఈయన అక్కడ తేనెటీగల పెంపకంలో పెద్ద పేరున్న మనిషి. ఆయన తయారుచేసిన తేనెపెట్టెకు 1885లో పేటెంట్ కూడా వచ్చింది, ఇప్పటికీ పాత పుస్తకాల్లో దాన్ని హెడ్డన్ పెట్టె అనే అంటారు. 1890లలో ఒకరోజు మిల్లు చెరువు గట్టు మీద ఎవరికోసమో ఎదురుచూస్తూ, ఊరికే కూర్చోలేక ఒక కర్రముక్కను చాకుతో చెక్కి నీళ్లలోకి విసిరాడట. బాస్ అనే చేప భళ్లున లేచి దాన్ని కొట్టిందట. బాస్ అంటే మన కొర్రమీనులా నాచులో, తుంగలో మాటువేసి వేటాడే చేప. ఆ ఊళ్లో ఈ కథను అందరూ చెప్పుకుంటారు. కథకు కొంత కూరిమి చేరి ఉండొచ్చు, అది మామూలే. కానీ ఆయన కప్ప ఆకారంలో చెక్కిన ఎరలు నిజం, 1900 దాటగానే కొడుకులతో కలిసి పెట్టిన కంపెనీ నిజం. ఆ ఊళ్లో తర్వాత హెడ్డన్ ఎరలకు ఒక మ్యూజియం కూడా వెలిసింది.

ఇక్కడే రంగు సంగతి మొదలవుతుంది. చెక్కముక్క తేలుతుంది, బాగానే ఉంది. కానీ పచ్చి చెక్కను పది రోజులు నీళ్లలో వాడి చూడండి. ముందు చివర్లు తాగుతాయి. కర్ర పొడుగునా ఉన్న సన్నటి గొట్టాల నోళ్లు కోసిన చివర్లలో తెరుచుకుని ఉంటాయి కదా, నీళ్లు అక్కణ్ణుంచి లోపలికి పోతాయి. చెక్క ఉబ్బుతుంది. ఎండలో పెడితే మళ్లీ కుంచించుకుంటుంది. ఈ ఉబ్బడం, కుంచించుకోవడం మధ్యలో పైన ఉన్న రంగు పగులుతుంది. పగులులోంచి ఇంకా నీళ్లు పోతాయి. బరువెక్కిన ఎర ఒక పక్కకు ఒరుగుతుంది, ఈత చెడుతుంది. ఈత చెడితే చేప దాని వంక చూడదు. మన తలుపులు వానాకాలం బిగుసుకుని, ఎండాకాలం సందులిచ్చి, రంగు పెచ్చులుగా లేస్తాయే, అచ్చం అదే రోగం. కాకపోతే తలుపు ఏడాదికొకసారి తడుస్తుంది, ఇది రోజంతా నీళ్లలోనే ఉంటుంది.

అందుకని ఎర మీద రంగు అనేది మొదట అందం కోసం కాదు, తొక్క కోసం. ఈ ముక్క చాలామంది తిరగేసి అర్థం చేసుకుంటారు. పని వరస ఇలా ఉంటుంది. చెక్కను ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది, ముందు నూనె గానీ, లక్క గానీ, వార్నిషు గానీ తాగిస్తారు. గాలం దిగే చిల్లుల లోపలికి కూడా అది వెళ్లాలి. బద్ధకించి ఆ చిల్లులు వదిలేస్తే మిగతా పనంతా దండగ. ఆరాక మళ్లీ రుద్దుతారు, ఎందుకంటే తడికి చెక్క నూగు లేస్తుంది. అప్పుడు తెల్ల రంగు. ఆ తెల్ల పూత లేకపోతే పైన వేసే పసుపు, ఎరుపు చెక్క రంగులో కలిసి మడ్డిగా కనిపిస్తాయి. మన కొండపల్లి బొమ్మలు చేసేవాళ్లను అడగండి, తెల్ల పొణికి కర్ర మీద సున్నపు పూత ఎందుకేస్తారో వాళ్లు చెబుతారు. ఇల్లు పెయింటింగ్ చేసే మేస్త్రీలు లప్పం, ప్రైమర్ అనేది కూడా ఆ లెక్కే. ఆ తెలుపు మీద లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత. పొట్ట తెల్లగా, పక్కలు వెండిలా, వీపు నల్లగానో ఆకుపచ్చగానో.

వీపు నలుపు, పొట్ట తెలుపు ఎందుకు? మీరు ఏ చేపనైనా తిప్పి చూడండి, అలాగే ఉంటుంది. పైనుంచి చూసే కొంగకు నల్లటి వీపు అడుగు బురదలో కలిసిపోతుంది. కిందనుంచి చూసే పెద్ద చేపకు తెల్లటి పొట్ట ఆకాశపు వెలుగులో కలిసిపోతుంది. దేవుడు వేసిన రంగును ఎర చేసేవాళ్లు చూసి నేర్చుకున్నారు. కళ్లకు మొదట్లో గాజు గుడ్లు పెట్టేవారు, తర్వాత ఖర్చు తగ్గించుకోడానికి చుక్కలు పెట్టారు. అన్నిటి మీదా మళ్లీ వార్నిషు, ఒకటి కాదు, పూత మీద పూత. ఒక్కో పూత ఆరాకే ఇంకో పూత. తొందరపడితే కింద పూత మెత్తగానే ఉండి పైది ముడతలు పడుతుంది.

పొలుసుల గుట్టు మాత్రం నాకు భలే నచ్చింది. చేప ఒంటి మీద వందల పొలుసులు, ఒక్కోటీ కుంచెతో గీస్తే రోజుకు ఎన్ని బొమ్మలు అవుతాయి? ఇండియానా రాష్ట్రంలో గారెట్ అనే ఊళ్లో క్రీక్ చబ్ అనే కంపెనీ ఉండేది. 1910ల చివర్లో వాళ్లు, హెడ్డన్ వాళ్లు ఒక కిటుకు వాడారు. లేత రంగు ఆరిన ఎర మీద దోమతెర లాంటి సన్నటి జల్లిగుడ్డ బిగించి కట్టి, దాని పైనుంచి ముదురు రంగును గాలి గన్నుతో చిమ్మడమే. గుడ్డ తీసేస్తే దారాలున్న చోట కింది రంగు మిగులుతుంది, కళ్లున్న చోట పై రంగు పడుతుంది. అచ్చం పొలుసులు! చేపను పట్టే వలే చేప బొమ్మకు పొలుసులు ఇచ్చిందన్నమాట. ఆ కంపెనీల్లో రంగుల బల్లల ముందు కూర్చుని పని చేసిన ఆడవాళ్లున్నారు. డబ్బా మీద కంపెనీ పేరుంది, యజమాని పేరు చరిత్రలో ఉంది, కళ్లు పెట్టిన చెయ్యి ఎవరిదో ఎక్కడా లేదు. మన వరి నాట్ల సంగతీ అంతే కదా, పంట మా ఆయనది అంటాం, నాటింది ఎవరు?

ఆ క్రీక్ చబ్ ఎర ఒకటి ఎక్కడికి చేరిందో చెబుతాను వినండి. 1932 జూన్ 2. అమెరికాలో పెద్ద కరువు రోజులు, పంటకు ధర లేదు, పనికి కూలి లేదు. జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ అనే ఇరవై ఏళ్ల రైతు కుర్రాడు. ఆ పొద్దు వాన పడి నేల బురదగా ఉంది, మడక కట్టే వీలు లేదు. సరే కూరకైనా ఏదో ఒకటి దొరుకుతుందని జాక్ పేజ్ అనే తోటివాడితో కలిసి మాంట్‌గోమరీ చెరువుకు వెళ్లాడు. అది ఏరు దారి మళ్లినప్పుడు మిగిలిపోయిన మడుగు. ఇద్దరికీ కలిపి ఉన్నది ఒకటే ఎర. వంతులేసుకుని విసిరారు. పెర్రీ వంతులో ఒక బాస్ పట్టుకుంది. మొదట ఏ మొద్దుకో తగులుకుందనుకున్నాడట. పైకి లాగి తూకం వేయిస్తే 22 పౌండ్ల 4 ఔన్సులు, అంటే మన లెక్కలో 10 కిలోల పైమాటే. ఆ జాతిలో ప్రపంచ రికార్డు.

మరి ఆ చేపను ఏం చేశాడు? ఇంటికి తీసుకెళ్లి వండుకు తిన్నారు. అంతే. ఇప్పటివాళ్లయితే గాజు పెట్టెలో పెట్టి ఊరేగించేవాళ్లు. ఇంట్లో పొయ్యి మీదకు కూర లేని రోజున రికార్డు ఎవడికి కావాలి? కొలతలు మాత్రం ఒక పత్రిక పోటీకి పంపాడు, 75 డాలర్ల విలువైన సామాను బహుమతిగా వచ్చింది. ఆ ఒక్క ఎర ఆ రోజు మొద్దుకు తగిలి తెగిపోయి ఉంటే ఆ ఇద్దరికీ రెండోది లేదు. రంగు పూత మీద పూత వేసి గట్టిగా చెయ్యడం అనేది ఉన్నవాడికి సోకు, లేనివాడికి అవసరం.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన మనిషి ఫిన్లాండ్ దేశపు లౌరి రపాలా. 1905లో పుట్టాడు. ఫిన్లాండ్ భాషలో రపాలా అనే పేరుకు బురద అని అర్థం చెబుతారు, చూడండి, బురదలో పుట్టిన మనలాంటోళ్ల పేరే. వేసవిలో పొలం కూలి, చేపల వేట, చలికాలంలో చెట్లు నరికే పని. పైయానె అనే పెద్ద సరస్సులో వందల గాలాలు కట్టిన పొడుగు తాళ్లు వేసేవాడు. ప్రతి గాలానికీ ఎర గుచ్చాలి, రోజులో సగం ఆ పనికే పోయేది. పడవలో కూర్చుని నీళ్లలోకి చూస్తుంటే ఆయనకు ఒకటి కనబడింది. చిన్న చేపల గుంపులోకి పెద్ద చేప దూరినప్పుడు బాగా ఈదేవాటిని వదిలేసి, దెబ్బతిని కొంచెం పక్కకు ఊగుతూ ఈదేదాన్నే పట్టుకుంటోంది. మందలో కుంటి మేకనే తోడేలు పట్టినట్టు. అలా కుంటుతూ ఈదే బొమ్మ చేస్తే గుచ్చే పని తప్పుతుంది కదా అనుకున్నాడు.

1936లో మొదటిది చేశాడు. చెప్పులు కుట్టేవాళ్ల కత్తితో బెండు ముక్కను చెక్కి, ఉప్పుకాగితంతో రుద్దాడు. రంగులు కొనే డబ్బు లేదు. మరి చేప పక్కల వెండి మెరుపు ఎలా? చాక్లెట్ల మీద చుట్టే తగరపు కాగితం తీసి ఒంటికి అంటించాడు. పైన వార్నిషు? అదీ లేదు. పాత ఫొటో నెగటివ్‌లను కరిగించి ఆ జిగురును పూతగా పూశాడు. ఒకసారి ఆలోచించండి, ఆ ఎర మీద కొన్న వస్తువంటూ దాదాపు ఏమీ లేదు, అంతా పారేసే సరుకు. కానీ పని లెక్క తప్పలేదు: లోపల తేలేది, మధ్యలో మెరిసేది, పైన నీళ్లు పోనివ్వనిది. హెడ్డన్ కంపెనీ ఎనామిల్ పూతలతో చేసింది కూడా ఈ మూడే. ఇంకో లాభం ఏంటంటే, తగరపు కాగితం బరువు లేదు. తేలికపాటి ఎరకు మందంగా రంగేస్తే ఊపు చచ్చిపోతుంది. పేదరికం వల్ల వాడిన కాగితమే ఆ ఎరకు మంచి చేసింది.

తర్వాత బెండు పోయి బాల్సా చెక్క వచ్చింది. అది దక్షిణ అమెరికా నుంచి వచ్చే దూది లాంటి తేలిక కర్ర. భార్య ఎల్మా, కొడుకులు అందరూ ఆ పనిలోకి దిగారు. తయారైన ప్రతి ఎరనూ నీళ్ల తొట్టిలో లాగి, ఈత సరిగా ఉందో లేదో చూసి గానీ డబ్బాలో పెట్టేవారు కాదు. ఆ అలవాటు కంపెనీ పెద్దదయ్యాక కూడా వదల్లేదు. 1952లో హెల్సింకీలో ఒలింపిక్స్ జరిగినప్పుడు వచ్చిన బయటి దేశాలవాళ్లు కొన్ని పట్టుకుపోయారు. 1959లో మిన్నెసోటా వ్యాపారులు ఇద్దరు ఉత్తరం రాసి తెప్పించుకున్నారు. 1962 ఆగస్టులో లైఫ్ పత్రికలో ఈ ఎర గురించి వ్యాసం వచ్చింది. అదే సంచికలో అప్పుడే చనిపోయిన సినిమా తార మార్లిన్ మన్రో కథనం ఉండటంతో పత్రిక విపరీతంగా అమ్ముడుపోయింది. ఆర్డర్లు ఎంతలా వచ్చాయంటే, ఉన్న సరుకు చాలక కొన్ని షాపులు ఎరను అమ్మకుండా రోజుకింత అని అద్దెకిచ్చాయి. మనం ట్రాక్టరు అద్దెకు తీసుకున్నట్టు వాళ్లు వేలెడంత చెక్క చేపను అద్దెకు తీసుకున్నారు!

ఇది చదివి మీలో ఎవరైనా ఇంట్లో ప్రయత్నిస్తే ఒక మాట. పాత ఫొటో నెగటివ్‌ల జోలికి పోకండి. పాతకాలపు ఫిల్ములో ఉండే నైట్రేట్ పెట్రోలులా భగ్గుమంటుంది. పాత తెల్ల పెయింట్లలో సీసం ఉండేది, కాబట్టి అటక మీది డబ్బాలూ వద్దు, పిల్లలు తాకే వస్తువు అది. తేలికపాటి కర్ర, బాగా తాగించిన వార్నిషు, రెండు పూతల మామూలు రంగు, పైన మళ్లీ వార్నిషు చాలు. దారానికి వేలాడదీసి దుమ్ము లేని చోట ఆరనివ్వండి. తొట్టిలో లాగినప్పుడు ఎర ఎడమకు పోతుంటే ముక్కు దగ్గరి తీగ రింగును ఒక వెంట్రుక వాసి కుడికి వంచండి, కుడికి పోతుంటే ఎడమకు.

ఇప్పుడు పెద్దాళ్ల ఎగతాళి సంగతి. రంగు చేపను పడుతుందా, మనిషిని పడుతుందా? బాస్ చేప కంటికి ఎరుపు, ఆకుపచ్చ బాగానే తెలుస్తాయి, అది రుజువైన సంగతే. కాబట్టి చేపకు రంగు తెలియదనేది తప్పు. కానీ నీళ్లు రంగును తింటాయి. అందరికంటే ముందు ఎరుపు పోతుంది. కొంచెం లోతుకు దిగాక షాపులో ఎర్రగా మెరిసింది నల్లగా కనబడుతుంది. మన చెరువుల్లాంటి బురద నీళ్లలో అయితే జానెడు కింద ఏ రంగూ నిలవదు, అక్కడ పనిచేసేది ముదురు, లేత తేడా, మెరుపు, ఊపు. అంటే డబ్బాలో కనిపించే ముప్పై నలభై రకాల రంగుల్లో చాలావరకు షాపుకొచ్చేవాడి కళ్ల కోసమే. నా లెక్కలో అయితే తొక్క మొదటిది, ఈత రెండోది, నలుపు తెలుపుల తేడా మూడోది, మిగతా రంగులన్నీ ఆ తర్వాతే. అమెరికా కంపెనీలకూ ఈ చిక్కు తెలుసు. చెక్క మీద రంగు ఊడటంతో విసిగి 1930ల మొదట్లోనే హెడ్డన్ వాళ్లు ప్లాస్టిక్ ఎరల వైపు మళ్లారు. పెచ్చులుగా లేచిన ఆ పాత చెక్క ఎరలనే ఇప్పుడు సేకరించేవాళ్లు వేల డాలర్లు పోసి కొంటున్నారు, అందులోనూ రంగు ఊడనిదానికి ఒక ధర, ఊడినదానికి ఒక ధర.

లౌరి రపాలా, జార్జ్ పెర్రీ ఇద్దరూ ఒకే ఏడాది పోయారు, 1974లో. పెర్రీ ఆ పాటికి విమానాలు నడిపే పనిలో ఉన్నాడు, విమాన ప్రమాదంలోనే చనిపోయాడు. ఆయన రికార్డు 77 ఏళ్లు ఎవరికీ అందలేదు. 2009లో జపాన్లో బివా సరస్సులో మనాబు కురిటా అనే ఆయన పట్టిన బాస్ ఒక ఔన్సు లోపే ఎక్కువ తూగింది. రికార్డు దాటాలంటే కనీసం రెండు ఔన్సులు ఎక్కువ ఉండాలనే నియమం వల్ల ఇద్దరికీ సమానంగా రాశారు. ఆయన గాలానికి ఉన్నది మాత్రం రంగేసిన బొమ్మ కాదు, బతికున్న చిన్న చేప.